తమ్ముడి సూట్‌కేసు తాళం

జనగామ బజారులో మా బాపుకు సూట్‌కేసులు, ఇనుప ట్రంకులు, తాళాలు అమ్మే దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, నడుమ పాత దుప్పటితో చేసిన పరదా. దుకాణంలో ఎవరేం మాట్లాడినా వంటింట్లో ఉన్న అమ్మకు వినిపించేది. నేను, నాకంటే చాలా చిన్నవాడైన తమ్ముడు ఆ పరదాకు అటూ ఇటూ తిరుగుతూ పెరిగాం.

బాపు తక్కువ మాటల మనిషి. గిరాకీతో కూడా ధర చెప్పి ఊరుకునేవాడు. కానీ ఎవరైనా నంబరు తాళం సంగతి అడిగితే మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చేవాడు. ఒకసారి నర్మెట్ట నుంచి వచ్చిన ఒక రైతు నంబరు తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"చాబీ లేకుంట గిదెట్ల తెరుసుకుంటది సేటూ? మంత్రమా ఏంది?"

బాపు గల్లా కింద నుంచి ఒక పాత తాళం తీశాడు. లోపలిది కనిపించేలా దాని పక్క రేకు ఆయనే కోసి పెట్టుకున్నాడు.

"మంత్రమేం లేదు పటేలా. గీ కడ్డీ చూడు, దీనికి పళ్లున్నయి. పైన ఎన్ని చక్రాలుంటే లోపట గన్ని పళ్లు. ఒక్కొక్క చక్రానికి లోపటి దిక్కు ఒక్క జాగల గంటు కొట్టి ఉంటది. గంట్లన్ని ఒక్క వరుసకొస్తెనే పళ్లు అండ్లకెళ్లి జారి కడ్డీ బయటికొస్తది. ఒక్క చక్రం ఒక్క అంకె జరిగినా ఆ పన్ను తట్టుకుంటది. గంతే."

"మరి నంబర్ మరిస్తే?"

"మరువద్దు" అన్నాడు బాపు.

సైకిలుకు వేసే తీగ తాళంలో కూడా ఇదే పద్ధతి. కడ్డీ బదులు తీగ చివర పళ్లున్న మొన ఉంటుంది. తిజోరి సంగతి వేరు. ఊళ్లో ఒకరిద్దరు పెద్ద వర్తకుల ఇళ్లలో పాతకాలపు తిజోరీలు ఉండేవి. అవి మొండికేస్తే బాపును పిలిచేవాళ్లు. తిజోరికి ముందు ఒక్క గుండ్రటి చక్రమే కనిపిస్తుంది. దాని వెనక తలుపు లోపల మూడు బిళ్లలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కో బిళ్లకు ఒక్కో గంటు. ముందు చక్రాన్ని ఒకే దిక్కు తిప్పుతూ పోతే మొదటి బిళ్ల రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని తోసుకుంటూ అన్నీ తిరుగుతాయి. మొదటి అంకె దగ్గర ఆపి వెనక్కి తిప్పితే మూడో బిళ్ల అక్కడే నిలిచిపోతుంది, మిగతా రెండే కదులుతాయి. మళ్లీ దిక్కు మారిస్తే రెండోది నిలిచిపోతుంది. చివరి అంకెకు మూడు గంట్లూ ఒకదాని వెనక ఒకటి చేరి, పైనున్న పట్టీ అందులో పడిపోతుంది. బాపు ఇదంతా మూడు రొట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి మాకు చూపించేవాడు. రొట్టె అంచును తుంచి గంటు చేసేవాడు. "తినే దాంతోని ఆటలా?" అని అమ్మ కోప్పడేది.

ఇప్పుడు బ్యాటరీ మీద నడిచే లాకర్లు వచ్చాయి. మీటలు నొక్కితే చాలు, కీచుమని తెరుచుకుంటాయి. బాపు అవి కూడా కొన్నాళ్లు అమ్మాడు కానీ ఆయన మనసు వాటి మీద లేదు. "లోపట ఏం జరుగుతుందో వేలికి తెల్వదు" అనేవాడు.

బాపుకు ఒక నియమం ఉండేది. నంబరు మరిచిపోయి వచ్చేవాళ్ల పెట్టెలు వేళ్ల స్పర్శతోనే తెరిచి ఇచ్చేవాడు. అయితే పెట్టె సొంతదారు పక్కనే నిలబడి ఉండాలి. ఒకామె మొగుడి బ్రీఫ్‌కేసు తెచ్చి ఎంత బతిమిలాడినా తెరవలేదు. "ఆయన్ని తోల్కరా అమ్మా, ఆయన ముంగటనే తీస్త" అని పంపేశాడు. కొత్త సూట్‌కేసు కొన్నవాళ్లు నంబరు పెట్టుకునేటప్పుడు మొహం రోడ్డు వైపు తిప్పుకొని నిలబడేవాడు.

నాకు పెళ్లయి మహబూబాబాద్ వచ్చాను. మా వైపు అందరూ మానుకోట అనే అంటారు. అక్కడే బడిలో పంతులమ్మను. తమ్ముడు కరెంటు పని డిప్లొమా చదివి, ఇక దుకాణంలో కూర్చుంటానన్నాడు. వాడికి నిజంగానే ఆ దుకాణం ఇష్టం. బాపు ఒప్పుకోలేదు.

"ఈ దుకాణంల ఇగ ఏమున్నది బిడ్డా? జనం ఫోన్ల చూసి ఇంటికే తెప్పిచ్చుకుంటున్నరు. ఏదన్న నౌకరీ చూసుకో."

భూపాలపల్లిలో బొగ్గు గని దగ్గర ఒక కాంట్రాక్టరు కింద పని దొరికింది. అమ్మకు గని అన్న మాటే గిట్టలేదు. "భూమి లోపటికి పోయే పని మనకెందుకురా?" అంది. వాడు నవ్వాడు. "నేను పైన్నే ఉంటనమ్మా. మోటర్లు, వైర్లు చూసుకునే పని. లోపటికి పొయ్యేదే ఉండది."

వాడు బయలుదేరే ముందు రోజు నేనూ వెళ్లాను. బాపు దుకాణంలో ఉన్న సూట్‌కేసులన్నీ దించి ఏది కావాలో తీసుకోమన్నాడు. వాడు ముదురు నీలం రంగుది తీసుకున్నాడు. దానికి మూడు చక్రాల నంబరు తాళం ఉంది. కొత్త పెట్టెకు మూడూ సున్నాలే ఉంటాయి. పక్కన సన్నటి రంధ్రంలో చిన్న గుండీ ఉంటుంది. దాన్ని పెన్ను మొనతో లోపలికి నొక్కి, మనకు కావలసిన అంకెలు తిప్పుకొని, తాళం మీటను పక్కకు నొక్కితే గుండీ మళ్లీ పైకి వస్తుంది. ఇదంతా వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా బాపు మొదటిసారి చెబుతున్నట్టు చెప్పాడు.

"గుండీ నొక్కినప్పుడు పైన అంకెల చక్రం, లోపటి గంటు బిళ్ల విడిపోతయి. లోపటి గంటు యాడిదాడనే ఉంటది. మారేటియి పైన అంకెలే. సమజైందా?"

"సమజైంది బాపూ."

బాపు మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. నేను కూడా పరదా వైపు తిరిగాను. కాసేపటికి టక్కుమని శబ్దం వచ్చింది.

"పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

"నాకు చెప్పకు. ఎవ్వలికి చెప్పకు. మరువకు."

తమ్ముడు అక్కడ రెండేళ్లు కూడా పూర్తిగా పనిచేయలేదు. ఒక వానాకాలం సాయంత్రం, చిట్యాలలో ఎవరో స్నేహితుడి ఇంట్లో చిన్న పండగ ఉంటే వెళ్లి బండి మీద భూపాలపల్లి తిరిగి వస్తున్నాడు. వానలో రోడ్డుకు అడ్డంగా బర్రె వచ్చింది. తప్పించబోతే బండి జారింది. ఎవరి తప్పూ లేదు. నేనూ, మా ఆయనా మానుకోట నుంచి దవాఖానకు చేరేసరికే అంతా అయిపోయింది. బాపు గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి "వచ్చినవా బిడ్డా" అన్నాడు, ఏదో మామూలుగా ఇంటికి వచ్చినప్పుడు అడిగినట్టు.

అమ్మ ఏడవలేదు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడూ, తీసుకుపోయినప్పుడూ ఏడవలేదు. వచ్చిన ఆడవాళ్లంతా ఆమెను పట్టుకొని వాడి చిన్నప్పటి ముచ్చట్లు చెప్పి ఏడిపించాలని చూశారు. ఏడవకపోతే గుండె పగులుతుందన్నారు. అమ్మ వాళ్లందరి మొహాలూ చూస్తూ కూర్చుంది.

దినాల రోజు తమ్ముడితో గదిలో ఉన్న అబ్బాయి భూపాలపల్లి నుంచి సామాను తెచ్చాడు. చెప్పులు, పక్కబట్టలు, బకెట్ ఒక సంచిలో ఉన్నాయి. నీలం సూట్‌కేసు విడిగా పట్టుకొని ఉన్నాడు.

"అంకుల్, గిదొక్కటి లాక్ చేసి ఉన్నది. మేం ముట్టలేదు. నంబర్ మాక్కూడ తెల్వది."

తమ్ముడి పుట్టినరోజు పెట్టి చూశాను. మా అమ్మ పుట్టినరోజు ఎవరికీ తెలియదు, ఇంట్లో రాసి పెట్టలేదు. వాడి బండి నంబరు, నా పెళ్లి తేదీ, మా ఇంటి నంబరు, అన్నీ పెట్టాం. ఏదీ కుదరలేదు. మా చిన్నాయన దుకాణంలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చాడు.

"రెండు నిమిషాల పని అన్నా. పట్టీ లేపితే వస్తది."

"ముట్టకు" అన్నాడు బాపు.

"ఎట్ల మరి? నువ్వన్న తియ్యి. నీకు చేతనైన పనే గద."

"సొంతదారు ముంగట లేంది నేను తియ్య."

ఇంటి నిండా చుట్టాలు. చిన్నాయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. అప్పుడు అమ్మ, అన్ని రోజుల్లో మొదటిసారి గొంతెత్తింది.

"పెట్టె ఇచ్చి పంపిందే నువ్వు. దుకాణంల కూసుంటనంటే వద్దని పంపింది నువ్వే."

బాపు లేచి పరదా దాటి దుకాణంలోకి పోయాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు పోయాయి. అమ్మ అన్నం పెట్టి పక్కకు పోయేది. బాపు తిని లేచేవాడు. ఏమైనా చెప్పుకోవాలంటే నాకు ఫోన్ చేసేవాళ్లు. "మీ అమ్మకు చెప్పు, నేను హన్మకొండ పోతున్న" అని బాపు దుకాణంలో కూర్చొని మానుకోటకు ఫోన్ చేసేవాడు. నేను వెనక ఇంట్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెప్పేదాన్ని.

బడికి సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి జనగామ వెళ్లేదాన్ని. ఒకసారి మధ్యాహ్నం తిన్న తర్వాత కునుకు తీస్తుంటే పక్క గదిలోంచి సన్నగా టిక్కు టిక్కుమని వినిపించింది. లేచి చూశాను. అమ్మ నేల మీద కూర్చొని సూట్‌కేసును ఒళ్లో పెట్టుకొని చివరి చక్రాన్ని ఒక్కో అంకె జరుపుతోంది. జరిపిన ప్రతిసారీ మీట నొక్కి చూస్తోంది.

"ఏం చేస్తున్నవమ్మా?"

అమ్మ తత్తరపడలేదు. "మీ బాపు గిరాకీకి చెప్తుంటే విన్న. మూడు చక్రాలకు ఒక్కటొక్కటి తిప్పుకుంట పోతే వెయ్యి నంబర్లేనంట. ఓపికున్నోనికి ఏ నంబర్ తాళం ఆగదంట."

అమ్మకు చదువు రాదు, కానీ అంకెలు వచ్చు. రోజూ అన్నం తిన్నాక చివరి చక్రాన్ని ఒక చుట్టు తిప్పేది. చుట్టు పూర్తయితే మధ్య చక్రాన్ని ఒక్క అంకె జరిపి, పెట్టెను మళ్లీ మంచం కిందికి తోసేది. ఆగిన చోట అంకెలు అలాగే ఉంటాయి కాబట్టి మర్నాడు అక్కడి నుంచే మొదలు.

"గిట్ల అయితే ఎన్ని రోజులు పడుతది? ఒక్కసారి కూసొని తిప్పితే ఒక్క గంటల వస్తది. లేకుంటే నాకియ్యి, మీట మీద జర ఒత్తిడి పెట్టి తిప్పితే గంటు యాడున్నదో వేలికి తెలుస్తది. బాపు నేర్పిండు గద."

అమ్మ పెట్టెను దగ్గరికి లాక్కుంది.

"గంటల వస్తే, రేపటికెల్లి నేనేం చెయ్యాలె బిడ్డా?"

ఆమె పక్కన కూర్చొని ఆ రోజు చుట్టు పూర్తయ్యేదాకా చూశాను. బాపుకు చెప్పొద్దంది. చెప్పలేదు.

తర్వాత కొన్ని వారాలకు అమ్మను చూడడానికి మా పిన్ని వచ్చింది. మంచి మనిషే, చేతులు మాత్రం ఊరుకోవు. అమ్మ స్నానానికి పోయినప్పుడు మంచం కింద ఉన్న సూట్‌కేసును బయటికి లాగి, చక్రాలను ఇష్టం వచ్చినట్టు తిప్పి చూసింది. అమ్మ వచ్చేసరికి మూడు చక్రాలూ ఎక్కడెక్కడో ఉన్నాయి. తాను ఎక్కడిదాకా వచ్చిందో అమ్మ మనసులో పెట్టుకోలేదు. పెట్టె మీదున్న అంకెలనే నమ్ముకుంది.

అప్పుడు అమ్మ ఏడ్చింది. నేను ఆ రోజు అక్కడ లేను, పిన్నే చెప్పింది. బజారు మొత్తం వినేలా, కొడుకు పేరు పెట్టి పిలుచుకుంటూ, తల నేలకేసి కొట్టుకుంటూ ఏడ్చిందట. బాపు గిరాకీని వదిలేసి పరదా తోసుకొని లోపలికి వచ్చాడు. ఏమైందని పిన్నిని అడిగాడు. భయపడిపోయిన పిన్ని సూట్‌కేసు వైపు చూపించింది.

"నువ్వు తియ్యవు" అంది అమ్మ బాపుతో. "తీసెటోళ్లను తియ్యనియ్యవు. సొంతదారు రావాలంటివి. ఎవలొస్తరని చూస్తున్నవ్? వాడు రాడు. వాడు ఇగ రాడు."

బాపు అక్కడే నేల మీద కూలబడ్డాడట. ఆయన నోరు తెరిచి ఏడవడం పిన్ని చూడడం అదే మొదలు. ఇద్దరూ చెరో వైపు, నడుమ ఆ పెట్టె. చాలాసేపటికి బాపు కండువాతో మొహం తుడుచుకొని పెట్టె మీద చెయ్యి వేశాడు.

"నేను తిప్పితే జరసేపట్ల వస్తది. తియ్యాల్నా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు. నేనే తిప్పుత. నువ్వు కూసో."

బాపు మూడు చక్రాలనూ సున్నాల దగ్గరికి తెచ్చి పెట్టె ఆమె ఒళ్లో పెట్టాడు.

ఆ తర్వాత నేను వెళ్లినప్పుడు చూశాను. మధ్యాహ్నం కాగానే బాపు షట్టరు సగం దించేవాడు. ఎవరైనా గిరాకీ వస్తే "జర ఆగి రాండ్రి" అనేవాడు. అమ్మ తిప్పుతుంటే ఆయన అద్దాలు పెట్టుకొని అంకెలు పైకి చదివేవాడు. "మీట గట్టిగ నొక్కకు, విరుగుతది. మెల్లగ" అనేవాడు. అమ్మ మెల్లగా నొక్కేది. నడుమ నడుమ మాట్లాడుకునేవాళ్లు. వాడికి చిన్నప్పుడు పచ్చకామెర్లు అయినప్పుడు పసరు మందు కోసం గార్ల ఊరి దాకా ఎత్తుకొని పోయిన సంగతి, దుకాణంలో ట్రంకులో దాక్కొని నిద్రపోతే ఊరంతా వెతికిన సంగతి. ఒకరు మరిచింది ఇంకొకరు చెప్పేవాళ్లు. కొన్ని సంగతులు నాకూ తెలియవు. చుట్టు పూర్తవగానే ఆపేసేవాళ్లు. ఇంకొక్క చుట్టు తిప్పుదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

చలికాలం వచ్చాక ఒక రోజు బడిలో ఉండగా బాపు ఫోన్ చేశాడు.

"వచ్చింది బిడ్డా."

"ఏమున్నది లోపట?"

"మూత తియ్యలే. నువ్వొచ్చినంక తీద్దామంటుంది మీ అమ్మ."

ఆ పూటే సెలవు పెట్టి రైలెక్కాను. నేను వెళ్లేసరికి సూట్‌కేసు మంచం మీద ఉంది. తాళం విడిపోయి ఉంది కానీ మూత అలాగే ఉంది. అమ్మ నన్ను చూసి కాళ్లు కడుక్కోమంది. చాయ్ తాగమంది. ఇక వాయిదా వేయడానికి ఏమీ మిగలక, బాపు మూత ఎత్తాడు.

నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒక స్వెట్టర్, దువ్వెన, అద్దం. ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్టలు. అమ్మ ఒక చొక్కాను ముఖానికి ఆనించుకొని వాసన చూసింది. సబ్బు వాసన తప్ప వాడి వాసన ఏమీ లేదు. ఇంకొకటి తీసింది, ఇంకొకటి తీసింది. చివరికి అన్నీ ఒళ్లో వేసుకొని ఊరుకుంది.

అడుగున ఒక స్టీలు డబ్బా ఉంది. ఆఖరుసారి వచ్చినప్పుడు అమ్మ మామిడికాయ తొక్కు పెట్టి ఇచ్చిన డబ్బా. బాపు మూత తీశాడు. లోపల శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మూత పెట్టి ఉంది.

"మళ్ల నింపుకపోదామని పెట్టుకున్నడు" అంది అమ్మ.

తాళం తెరిచిన నంబరు ఏమిటో అర్థం కాలేదు. ఆ అంకెలు ఇక్కడ రాయను. తేదీలతో, బండ్ల, బస్సుల నంబర్లతో పోల్చి చూశాం. తమ్ముడితో గదిలో ఉన్న అబ్బాయికి ఫోన్ చేసి అడిగాను. అతనికీ తెలియదు. తమ్ముడికి ఇష్టమైనవాళ్లు ఎవరైనా ఉండేవాళ్లా, ఆ అంకెలు ఆ మనిషివా అని కూడా నాకు అనిపించింది. ఎవరూ రాలేదు, ఎవరూ అడగలేదు. బాపు మాత్రం నన్ను ఆపమన్నాడు.

"వాని మనసుల ఏమున్నదో వానికే ఎరుక. పోనియ్యి బిడ్డా."

బట్టలు బాపు ఎవరికో ఇచ్చేశాడు. ఒక్క చొక్కా అమ్మ ఉంచుకుంది. అమ్మా బాపూ ఇప్పుడు మాట్లాడుకుంటారు, కూరల గురించీ, నొప్పుల గురించీ, అన్నింటికంటే ఎక్కువగా వాడి గురించీ. మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం అమ్మ చేతులకు ఏం చేయాలో తోచదు. చీర కొంగును వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంటుంది. ఆ స్టీలు డబ్బాను వంటింటి పై అరలో పెట్టింది. అందులో ఏమీ వెయ్యదు. దుమ్ము పట్టిందని మొన్న నేను తీసి కడగబోతే చేతిలోంచి తీసుకుంది.

"ఉండనియ్యి. వాడు కడిగింది అది" అంది.